జల్లెడ కాని పొర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈనాడు ఏ ఊరికి వెళ్ళినా రామమందిరం పక్కనో, కిరాణా కొట్టు పక్కనో ఒక నీళ్ళ ప్లాంటు కనిపిస్తుంది. ఇరవై లీటర్ల టిన్నులు వరుసగా పేర్చి ఉంటాయి. ఆటోల మీదా సైకిళ్ళ మీదా అవి ఊరంతా తిరుగుతాయి. ప్లాంటు నడిపే మనిషి దగ్గర కలం వంటి పరికరం ఒకటి ఉంటుంది. నీళ్ళ మంచిచెడ్డలు ఎవరైనా అడిగితే దానిని గ్లాసులో ముంచి చూపిస్తాడు. బోరు నీటిలో ఏడెనిమిది వందలు చూపిన అంకె, టిన్ను నీటిలో ముప్ఫైకో నలభైకో దిగుతుంది. అడిగినవారు తృప్తిపడి టిన్ను ఎత్తుకుని వెళతారు. ఆ అంకె పేరు టీడీఎస్. అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా ఇప్పుడు మన వైపు ఈ మూడక్షరాలు వచ్చు.

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. ఆ అంకె అబద్ధం చెప్పదు. కానీ మనం దేనికి భయపడి టిన్ను కొనుక్కుంటున్నామో, దాని ఊసు ఆ అంకెలో లేదు. ఈ మాట ఊరికే అనేస్తే సరిపోదు కాబట్టి, కొంచెం ఓపిగ్గా, నీటిని శుద్ధి చేసే ఆ పొర లోపలికి వెళ్ళి చూద్దాం.

ముందుగా ఆ కలం సంగతి. అది నీటిలో కరిగినవాటిని లెక్కపెట్టదు. నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తున్నదో కొలిచి, దానిని ఒక గుణకంతో హెచ్చించి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది. విద్యుత్తును మోసేవి అయాన్లు, అంటే ఉప్పులు. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే పరీక్షించవచ్చు. గ్లాసెడు నీటిలో చెంచాడు పంచదార కలిపి ఆ కలం ముంచండి. అంకె దాదాపు కదలదు. మరో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి ముంచండి. అంకె వందలలోకి ఎగబాకుతుంది. పంచదారకు విద్యుదావేశం లేదు. మన పొలాలకు చిరపరిచితమైన పురుగుమందులలో చాలావాటికీ లేదు. టొలీన్, క్లోరోఫారం వంటి ద్రావకాలకూ లేదు. కలానికి అవన్నీ పంచదార వంటివే.

ఇక పరిమాణాల తేడా చూడండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటి సవరణ ప్రకారం, టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు; వేరే నీరు లేనప్పుడు 2000 దాకా సహించవచ్చు. అదే ప్రమాణంలో మోనోక్రోటోఫాస్ పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. మొదటి అంకెకూ దీనికీ ఐదు లక్షల రెట్ల తేడా. వడ్లబస్తాలు తూచే కాటా మీద ఆవగింజ పెట్టి, ముల్లు కదలలేదు కనుక ఆవగింజ లేదని అనుకోవడం ఎటువంటిదో, టీడీఎస్ చూసి పురుగుమందు లేదని అనుకోవడం అటువంటిదే.

"కలం సంగతి ఎలా ఉన్నా పొర ఉన్నది కదా, అంత చిన్న ఉప్పునే ఆపిన పొర అంతకంటె పెద్దవైన విషాలను ఆపదా?" అని చదువరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పాలంటే ఆ పొర పుట్టుక నుంచి మొదలుపెట్టాలి.

ఉప్పునీటిని ఒత్తిడితో పొరగుండా నెట్టి మంచినీరు తీసే పద్ధతిని తిరోగామి ద్రవాభిసరణం అంటారు. వాడుకలో ఆర్వో. ఇది ప్రయోగశాల దాటి బయటకు రావడానికి కారకులు ఇద్దరు: సిడ్నీ లోయబ్, మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస శౌరిరాజన్. 1950ల చివర లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వీరిద్దరూ సెల్యులోజ్ అసిటేట్‌తో ఒక పొర తయారుచేశారు. పైన అతి పలుచని బిగువైన చర్మం, దాని కింద వదులైన స్పంజి వంటి ఆధారం. చర్మం పలుచన కావడంతో నీరు పనికివచ్చేంత వేగంగా దిగింది. 1965లో కాలిఫోర్నియాలోనే కొయలింగా అనే చిన్న ఊరికి ఈ పద్ధతిలో తాగునీరు అందించారు. తరువాత 1970ల చివర జాన్ కడాట్ అనే ఆయన పాలిఅమైడ్ పొరను రూపొందించాడు. ఈనాడు మన ఊళ్ళ ప్లాంట్లలో, వంటింటి యంత్రాలలో ఉన్నవి దాని వంశంలోవే. పని జరిగే ఆ పాలిఅమైడ్ చర్మం మందం ఇంచుమించు 100 నుంచి 200 నానోమీటర్లు. తల వెంట్రుకను ఐదారు వందల పలుచని పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొరంత.

ఈ చర్మాన్ని జల్లెడగా ఊహించుకోవడం మనకు అలవాటు. ప్రకటనలలో కూడా చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి నీటి చుక్కలు దూకడం, మలినాలు పైన నిలిచిపోవడం చూపిస్తారు. నిజానికి ఆ చర్మంలో చేసిపెట్టిన రంధ్రాలు లేవు. పాలిఅమైడ్ గొలుసులు చిక్కుపడి ఉంటాయి. వాటి మధ్య ఒక నానోమీటరు కంటె తక్కువ సందులు కదులుతూ, తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటాయి. నీరు ముందు ఆ పదార్థంలో కరిగి, సందు నుంచి సందుకు వ్యాపిస్తూ అవతలికి చేరుతుందని 1965లో లాన్స్‌డేల్, మెర్టెన్, రైలీ అనే ముగ్గురు సూత్రీకరించారు. అర్ధశతాబ్దం పైగా అదే పాఠ్యపుస్తకాల మాట. 2023లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిమెలెక్ బృందం, నీటి మటుకు కరిగి వ్యాపించడం లేదనీ, ఆ సందులలో ఒత్తిడి తేడా వల్లనే ప్రవహిస్తున్నదనీ వాదించింది. ఆ వివాదం పండితులకు వదిలేద్దాం. నీటితో వచ్చే మలినం విషయంలో మటుకు అది పొరలో ఎంత ఇముడుతుంది, లోపల ఎంత వేగంగా కదులుతుంది అనే రెండు ప్రశ్నలే దాని గతిని నిర్ణయిస్తాయి.

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలని జనం. అందులోంచి అవతలికి పోవాలంటే సన్నగా ఉండడం ఒక్కటే చాలదు. ఒక బక్కపలుచని మనిషి ఉన్నాడనుకోండి. ఆయన వెంట ఆరుగురు బంధువులు చేతులు పట్టుకుని ఉన్నారు, ఎవరినీ వదలడు. ఆయన కదలలేడు. మరొకాయన స్థూలకాయుడే గాని ఒంటరి. పైగా జనంలో సగం మంది ఆయనకు తెలిసినవాళ్ళు. భుజం తట్టి, పలకరించి, దారి చేసుకుని వెళ్ళిపోతాడు.

సోడియం అయాను ఆ బక్కపలుచని మనిషి. దానికి విద్యుదావేశం ఉన్నది కనుక నీటి అణువులు చుట్టూ పరివారంలా పట్టుకుని ఉంటాయి. వాటిని వదిలి పొరలో చొరబడాలంటే చాలా శక్తి కావాలి. దానికి తోడు పొర ఉపరితలం మీద సాధారణంగా ఋణావేశం ఉంటుంది. క్లోరైడును అది దూరంగా నెడుతుంది, జంట విడిపోలేదు గనుక సోడియం కూడా ఆగుతుంది. అందుకే ఆర్వో పొర ఉప్పును నూటికి 95 పాళ్ళకు పైగా ఆపుతుంది. ఫీనాల్ ఆ స్థూలకాయుడు. సోడియం కంటె ఎంతో పెద్దది. మామూలు నీటిలో దానికి ఆవేశం లేదు, పరివారం లేదు, పొర పదార్థంతో చుట్టరికం ఉన్నది. అది పొరలో కరుగుతుంది, దాటుతుంది. 1960లలో సెల్యులోజ్ అసిటేట్ పొరల మీద పరీక్షించినప్పుడు పరిశోధకులకు ఒక వింత ఎదురైంది. వడకట్టక ముందున్న నీటి కంటె వడకట్టిన నీటిలో ఫీనాల్ గాఢత ఎక్కువగా తేలింది! నీటి కంటె ఫీనాలే ఆ పొరకు ఇష్టమైనదన్నమాట. నేటి పాలిఅమైడ్ పొరలు అంత అన్యాయంగా ప్రవర్తించవు గాని, ఉప్పును ఆపినంతగా ఫీనాల్‌ను ఆపలేవు.

సేంద్రియ మలినాలు పొరను దాటే తీరును మూడు మాటలలో చెప్పవచ్చు. మొదటిది పరిమాణం. అణుభారం 200 దాటినవి చాలామటుకు బాగానే ఆగుతాయి. 100 కంటె తక్కువైన ఆవేశరహిత అణువులతోనే చిక్కు. రెండవది ఆవేశం. 2,4-డీ అనే కలుపుమందు నీటిలో ఋణావేశం పొందుతుంది కాబట్టి పొర దానిని గట్టిగా తిప్పికొడుతుంది. మూడవది చుట్టరికం, అంటే నీటిని విడిచి నూనె వంటి పదార్థాలలో కరిగే స్వభావం.

ఈ మూడవదానిలో ఒక మోసం ఉన్నది. నీటిని ఇష్టపడని అణువులు మొదట పొరకు అంటుకుంటాయి. కొత్త పొర వాటిని పీల్చుకుంటుంది. మొదటి రోజులలో నమూనా తీసి పరీక్షిస్తే అవతలి నీరు నిర్మలంగా కనిపిస్తుంది. పొర అద్భుతంగా పనిచేస్తున్నదని రాసుకుంటారు. పొర నిండిన తరువాత అవే అణువులు మెల్లగా అవతలి వైపు దిగడం మొదలుపెడతాయి. 2004లో న్‌గియెమ్, షేఫర్, ఎలిమెలెక్ సహజ హార్మోన్లను నానోవడపోత పొరల మీద పరీక్షించి ఈ సంగతినే వివరంగా చూపారు. అంటే ప్లాంటు ప్రారంభోత్సవం నాటి పరీక్షాపత్రం అద్దాల చట్రంలో ఎంత అందంగా ఉన్నా, రెండేళ్ళ తరువాతి నీటికి అది సాక్ష్యం కాజాలదు.

ఇంకొక సంగతి. నీరు పొర దాటే వేగం ఒత్తిడి మీద ఆధారపడుతుంది. మలినం వ్యాపించే వేగం ప్రధానంగా దాని గాఢతల తేడా మీద, ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. మన పల్లెలలో వోల్టేజి పడిపోయి పంపు నీరసించినప్పుడు, లేదా పొర మీద బురద పేరుకున్నప్పుడు, నీరు తక్కువ దిగుతుంది. మలినం మటుకు దాని దారిన అది దిగుతూనే ఉంటుంది. తక్కువ నీటిలో అంతే మలినం కలిస్తే గాఢత పెరుగుతుంది. మే నెలలో డాబా మీది ట్యాంకు నీరు వేడెక్కి పొరలోకి వస్తే మలినాల వ్యాపనం ఇంకా జోరందుకుంటుంది. టిన్నులకు గిరాకీ హెచ్చేదీ ఆ నెలలోనే.

ఇదంతా పుస్తకాల భయమని కొట్టివేయకుండా ఉండడానికి బయటి ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికాలోని ఆరెంజ్ కౌంటీలో 1970ల నుంచీ మురుగునీటిని ఆర్వోతో శుద్ధి చేసి భూగర్భంలోకి ఎక్కిస్తున్నారు. ప్రపంచంలో ఈ విద్యలో వారిని మించినవారు అరుదు. 2000వ సంవత్సరంలో అక్కడి బావులలో ఎన్‌డీఎంఏ అనే పదార్థం బయటపడింది. క్యాన్సర్ కారకమని అనుమానించే ఈ అణువు భారం 74. ఆవేశం లేదు. నీటిలో హాయిగా కరుగుతుంది. ఆర్వో పొర దానిని సగం ఆపితే గొప్ప. వారేమీ పొరను తిట్టుకోలేదు. 2008లో ప్రారంభమైన కొత్త ప్లాంటులో ఆర్వో తరువాత అతినీలలోహిత కాంతి, హైడ్రోజన్ పెరాక్సైడు కలిపిన మరొక అంచెను అమర్చుకున్నారు. పొర ఏది ఆపలేదో తెలుసుకుని, ఆ పనికి వేరొకదానిని పెట్టారు.

ఈ తెలివిడి అమెరికాకే పరిమితం కాదు. మన ఇంటి పక్కనే ఉన్నది. జాతీయ రహదారి మీద విజయనగరం జిల్లా దాటి శ్రీకాకుళం జిల్లాలో అడుగుపెట్టగానే వచ్చే పైడిభీమవరం బల్క్ డ్రగ్ పరిశ్రమలకు పేరు. ఇటువంటి కర్మాగారాలలో మెథనాల్, టొలీన్, అసిటోన్, డైక్లోరోమీథేన్ వంటి ద్రావకాలు మామూలు వాడుక. వ్యర్థజలాన్ని బయటకు వదలకుండా శుద్ధి చేసుకునే చోట యంత్రాల వరుస ఎలా ఉంటుందో చూడండి. ఆర్వో కంటె ఎంతో ముందు, స్ట్రిప్పర్ అనే గోపురంలో ఆవిరితో ద్రావకాలను తరిమివేస్తారు. తరువాత నీటిని మరిగించి ఆవిరి చేసే యంత్రాలు, సూక్ష్మజీవులతో చేసే శుద్ధి, ఆ తరువాతనే ఆర్వో. కారణం సులువు. ద్రావకాలు చిన్నవి, ఆవేశం లేనివి. ముందే తీసివేయకపోతే కొంత పొరను దాటుతాయి, కొంత పొరను పాడుచేస్తాయి.

మందు బిళ్ళకూ, దానిని తయారుచేసిన ద్రావకానికీ పొర దగ్గర జరిగే మర్యాదలో ఎంత తేడా ఉన్నదో! 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్, సహచరులతో కలిసి, హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ మందు అణుభారం 331, పైగా ఆవేశాలున్నది. ఆర్వో పొర దానిని బాగా ఆపగలదు. దాని పక్కనే నీటిలో ఉండగల మెథనాల్ అణుభారం 32. పొరకు అది ఇంచుమించు నీటి చుట్టమే.

కర్మాగారంలో ఇంజనీరుకు తెలిసిన ఈ సంగతి, ఊరి నీళ్ళ ప్లాంటు దగ్గరకు వచ్చేసరికి ఎవరికీ అక్కరలేనిదైపోయింది. ఈ తేడా నన్ను ఎక్కువగా బాధించేది ఉద్దానంలో.

ఉద్దానం పేరు వినని తెలుగువారు ఇప్పుడు ఉండరు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల సీమ. దశాబ్దాలుగా అక్కడ మూత్రపిండాల జబ్బు మధుమేహమూ రక్తపోటూ లేనివారిని కూడా పట్టుకుంటున్నది. పురుగుమందులు, సిలికా, భారలోహాలు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా చేసే కష్టం, ఇలా ఎన్నో అనుమానాలను ఎన్నో బృందాలు పరిశీలించాయి. ఇది కారణమని తేల్చి చెప్పే నిర్ణయం నేటికీ రాలేదు. ఈలోగా ప్రభుత్వాలు నీటి వైపు చూశాయి. 2014లో మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం కింద ఆర్వో ప్లాంట్లు పెట్టి 20 లీటర్లు 2 రూపాయలకు ఇచ్చారు. తరువాత 700 కోట్ల రూపాయలతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాలలో తెచ్చి 807 గ్రామాలకు అందించే పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. అదే రోజున పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి.

మా పెద్దమ్మది కవిటి మండలంలో ఒక పల్లె. పెదనాన్నగారు ఆ జబ్బుతోనే పోయారు. ఇప్పుడు ఆవిడ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళుతుంది. నేను కొన్నేళ్ళు ఈ పొరల మీద పనిచేసినవాణ్ణి కావడాన ఒకసారి నన్ను సూటిగా అడిగింది.

"బాబూ, నువ్వు నీల్ల మిసన్ల చదువే కదా చదివినావు. ఈ టిన్ను నీల్లు మంచివేనేటి?"

"ఉప్పు మటుకు పోయింది పెద్దమ్మా. మిగతాది ఆ పెన్ను చెప్పలేదు" అన్నాను.

"మరి చెప్పీది ఏటి?"

ఈ ప్రశ్నకు సగం జవాబు ఆవిడ వారానికి రెండుసార్లు పడుకుని వచ్చే ఆ గదిలోనే ఉన్నది. డయాలసిస్ యంత్రంలో రక్తానికీ, శుద్ధజలంతో కలిపిన ద్రవానికీ మధ్య ఉండేది కూడా ఒక పొరే. ఆర్వో పొర కంటె వదులైనది. రక్తంలోని యూరియా, క్రియాటినిన్ వంటి చిన్న అణువులు దానిని దాటి ద్రవంలోకి వెళ్ళిపోవాలి, మాంసకృత్తులు ఆగిపోవాలి. చిన్న సేంద్రియ అణువు పొరను దాటుతుందనే సత్యం మీదనే ఆ వైద్యమంతా నిలబడి ఉన్నది. అక్కడ మనిషిని బతికించే గుణమే, నీళ్ళ ప్లాంటులో మనం మరచిపోయే గుణం.

అంతేకాదు. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటల డయాలసిస్‌కు 120 లీటర్ల ద్రవం కావాలి. ఆ నీటిని ఆర్వోతోనే శుద్ధి చేస్తారు. కానీ ఆర్వో కంటె ముందు ఉత్తేజిత బొగ్గు నింపిన తొట్లు రెండు, ఒకదాని వెనుక ఒకటి ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. ఎందుకంటె నీటి సరఫరాలో వాడే క్లోరమీన్ అనే చిన్న, ఆవేశరహిత అణువు ఆర్వో పొరను దాటిపోతుంది. రక్తంలో కలిస్తే ఎర్ర కణాలను పగులగొడుతుంది. అందుకని మొదటి తొట్టి తరువాత నీటిని పరీక్షిస్తూ ఉండాలి. మొదటిది ఓడిపోతే రెండవది కాపాడాలి. డయాలసిస్ విద్య ఆర్వో పొరను గౌరవిస్తుంది, కానీ ఒంటరిగా నమ్మదు. ఇంటికి వచ్చాక అదే రోగి తాగే నీటికి మటుకు ఒక పెన్నూ, ఒక అంకే సాక్ష్యం.

ఆ బొగ్గు గురించి రెండు మాటలు చెప్పకపోతే ఉద్దానానికి అన్యాయం చేసినట్టే. పొరకు చిక్కని ఆవేశరహిత అణువులలో చాలావాటిని, ముఖ్యంగా నీటిని ఇష్టపడనివాటిని, ఉత్తేజిత బొగ్గు పట్టుకుంటుంది. నీటి శుద్ధికి శ్రేష్ఠమైన బొగ్గులలో కొబ్బరి చిప్పల నుంచి తీసినది ఒకటి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వేలాది కొబ్బరి చెట్లను కూల్చివేసినా, ఉద్దానం నేటికీ కొబ్బరి సీమే. పొర చేయలేని పనిని చేసే వస్తువుకు ముడిసరుకు ఆ ఇళ్ళ పెరళ్ళలోనే ఉన్నది. ఐతే బొగ్గుకు కూడా ఒక హద్దు ఉన్నది. అది నిండిపోతుంది. నిండిన బొగ్గు కళ్ళకు అలాగే కనిపిస్తుంది, టీడీఎస్ మారదు, నీటి రుచి కూడా వెంటనే మారకపోవచ్చు. అందుకని దానిని తేదీ ప్రకారం మార్చవలసిందే.

వంశధార నీరు వచ్చిన తరువాత ఈ చర్చ అవసరమా అనవచ్చు. నదీజలం రావడం నిస్సందేహంగా మేలు. బోరు నీటి మీద అనుమానం ఉన్నవారికి అది పెద్ద ఊరట. ఐతే నదీజలానికి దాని సమస్యలు దానికి ఉంటాయి. ఆకులు, మట్టి నుంచి వచ్చే సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫారం వంటివి కొద్దిగా పుడతాయి. ఐఎస్ 10500 ప్రకారం క్లోరోఫారం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించరాదు. సూక్ష్మజీవుల ప్రమాదంతో పోలిస్తే ఇది చిన్నది. క్లోరిన్ మానమని ఎవరూ చెప్పరు. కానీ కుళాయి నీటిని మళ్ళీ ఇంట్లో ఆర్వోలో పోసి, ఉన్న కాస్త లవణాలనూ తీసివేసి, క్లోరోఫారంలో కొంత అలాగే దాటించి, అదేదో మరింత శుద్ధమైందని సంతోషించడంలో అర్థం లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. నీటి వృథా దాని ముఖ్యకారణం.

ఆ వృథా నీటి కథ కూడా మన విషయంలోనిదే. పొర ఆపినవి మాయం కావు. ప్లాంటులోకి వెళ్ళిన నీటిలో పెద్ద భాగం, ఆగిన మలినాలన్నిటినీ మోసుకుని, గొట్టం చివర బయటకు వస్తుంది. ఆ గొట్టం చాలా ఊళ్ళలో వీధి కాలువలోకో, ప్లాంటు వెనుక గుంటలోకో పోతుంది. అక్కడ ఇంకి, అదే బోరులోకి చేరే దారి వెతుక్కుంటుంది. పురుగుమందును పొర ఎంత బాగా ఆపితే, గుంటలోకి అంత చిక్కగా పోతుంది. పొర ఓడినా ఊరికే, గెలిచినా ఊరికే.

ఇదంతా చదివి ఆర్వో ప్లాంట్లు మూసివేయమంటున్నానని అనుకోవద్దు. ఫ్లోరైడు, నైట్రేటు, భారలోహాలు, సిలికా, పెద్ద అణువుల పురుగుమందులు, వీటిని ఆ పొర చక్కగా ఆపుతుంది. అది చేసే పనికి దానికి దండం పెట్టవచ్చు. చేయని పనికి కూడా దాని మీద భారం వేయడమే తగదు. కారణం తెలియని జబ్బు ఉన్నచోట, ఏది ఆపాలో తేల్చుకోకుండా ఒక్క పొరనే కాపలా పెట్టడం, దొంగ ముఖం తెలియకుండా ఒక్క గుమ్మం దగ్గరే మనిషిని నిలబెట్టడం వంటిది.

కాబట్టి మన వైపు ఊళ్ళతో సంబంధం ఉన్న మిత్రులకు ఒక మనవి. ఈసారి వెళ్ళినప్పుడు ప్లాంటు దగ్గర ఆగి టీడీఎస్ తప్ప మిగిలినవి అడగండి. బొగ్గు చివరిసారి ఎప్పుడు మార్చారు? పొర వయసెంత? ఐఎస్ 10500లో పేర్లతో సహా ఉన్న పురుగుమందులకు ఈ నీటిని ఎప్పుడైనా ప్రయోగశాలలో పరీక్షించారా, అది ప్రారంభం నాటి పరీక్షా, ఈ సంవత్సరానిదా? వృథా నీరు ఎక్కడికి పోతున్నది? పైడిభీమవరం చుట్టుపక్కల ఊళ్ళైతే ద్రావకాల పరీక్ష కూడా అడగాలి. ఈ పరీక్షలకు డబ్బు కావాలి. ఒక ప్లాంటు నడిపే మనిషి మోయలేడు. పంచాయతీలూ ప్రభుత్వమూ మోయాలి. అలా మోయాలని అడగడానికి ముందు, పెన్ను మీది ముప్ఫై అంకె చూసి తిరిగి వచ్చేయడం మనం మానాలి.

పెద్దమ్మ ప్రశ్నలో రెండవ సగం ఇంకా అలాగే ఉన్నది. "మరి చెప్పీది ఏటి?" దానికి జవాబు ఒక యంత్రం పేరు కాదు. ఒక కాగితం. పదార్థాల పేర్లూ, అంకెలూ, తేదీ, పరీక్షించిన వారి సంతకమూ ఉన్న కాగితం. అది ఉద్దానంలో ప్రతి ప్లాంటు గోడ మీదా, ఏటేటా కొత్తది, తెలుగులో, అందరూ చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి.